డోలు సిపాయి కళ్ళు

రేకు పలకను గోనెసంచి మీద ఎడమచేత్తో అదిమిపెట్టి, సిరా బ్రష్షుతో పైనుంచి కిందికి ఒక్క రాపు రాస్తే చాలు, మిల్లు పేరూ, బియ్యం రకమూ, సంవత్సరమూ మూడు వరసల్లో నల్లగా పడతాయి. రేకు ఎత్తాలి, సంచిని పక్కకు నెట్టాలి, ఇంకోటి లాక్కోవాలి. ఓబులేష్ ఈ మూడు పనులూ చూడకుండా చేయగలడు. ఆ బుధవారం పొద్దున కూడా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మనిషి మాత్రం నాలుగు సంచులకొకసారి చొక్కా జేబు తడుముకుంటున్నాడు. జేబులో అగ్గిపెట్టె ఉంది. ఓబులేష్ బీడీ కాల్చడు.

బళ్ళారి జిల్లా సిరుగుప్పలో కాలువ గట్టు దాటాక వరసగా ఉండే బియ్యం మిల్లుల్లో అదొకటి. తవుడు దుమ్ము పడి అక్కడ పనిచేసేవాళ్ళందరూ సాయంత్రానికి తెల్లబడిపోతారు. ఓబులేష్ చేతులొక్కటే మోచేతుల దాకా నలుపు. యాభై ఆరేళ్ళ వయసు, పొట్టి మనిషి, వంగి వంగి కుడి భుజం కాస్త కిందికి జారింది, కళ్ళద్దాల కాడకు నూలుదారం చుట్టి ఉంటుంది. పిలిస్తే పలుకుతాడు, పిలవకపోతే ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నా యజమాని కోటిలింగం అతన్ని "ఏమయ్యా సిరా" అనే పిలుస్తాడు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పండించి, ఆపైన మిల్లు పెట్టిన కుటుంబం అది. ఆయన చెడ్డవాడేమీ కాదు. పేరు గుర్తుండదు, అంతే.

అగ్గిపెట్టెలో దూది పరుపు మీద ఒక సిపాయి పడుకుని ఉన్నాడు. బొటనవేలి కణుపంత ఎత్తు. నీలం కోటు, ఛాతీ మీద తెల్లపట్టీ, భుజాల మీద ఎర్ర కుచ్చులు, నెత్తిన పొడుగాటి నల్ల టోపీ, నడుముకు డోలు. రెండు చేతుల్లోనూ పుల్లలు పైకెత్తి, ఇక వాయించడమే తరువాయి అన్నట్టు నిలబడే భంగిమ. కోటుకు ఆవగింజలో సగమైనా లేని ఇత్తడి గుండీలు కూడా ఉన్నాయి. కళ్ళు మాత్రం లేవు. కళ్ళుండాల్సిన చోట రెండు ఖాళీలు.

ఆ కళ్ళు పెట్టడానికే ఓబులేష్ ఈ సాయంత్రం ఒక ఇంటికి పోవాలి. పెట్టేముందు అక్కడ ఒక మాట చెప్పాలి. ఆ మాట వారం రోజులుగా గొంతులో ముల్లులా అడ్డం పడి ఉంది.

ఓబులేష్ వంశానిది రంగుల పని. తండ్రి హచ్చొళ్ళి చుట్టుపక్కల ఊరమ్మ జాతరలు వస్తే కొయ్య విగ్రహాలకు కొత్త రంగు వేసేవాడు. కొడుకు కాలానికి ఆ పని తగ్గిపోయింది. ఓబులేష్ బస్టాండు పక్కన చిన్న కొట్టు పెట్టి బండ్ల నంబరు ప్లేట్లు రాశాడు, ట్రాక్టర్ల మడ్‌గార్డుల మీద నెమళ్ళు వేశాడు. స్టిక్కర్ల మిషన్లు వచ్చాయి, కొట్టు మూతపడింది. ఇప్పుడు ఎవరో కోసిన అక్షరాల మీద బ్రష్షు రుద్దుతున్నాడు. చేతిలో పనితనం ఉండీ అది అక్కర్లేని పని చేయడమంటే, చేయి తిరిగిన వంటమనిషిని పెళ్ళికి పిలిచి విస్తళ్ళు తుడవమన్నట్టే.

అతన్ని మళ్ళీ రంగుల్లోకి లాగినవాడు చిదానంద సారు. బళ్ళారి కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరై, సిరుగుప్పలో తాతల నాటి చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. నాలుగేళ్ళ కిందట స్కూటరు నంబరు చెరిగిపోతే రాయించుకోడానికి ఓబులేష్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అంకెలు రాస్తున్న ఆ చేతి వంక చాలాసేపు చూశాడు. తర్వాత సంచిలోంచి బూడిదరంగు ప్లాస్టిక్ సిపాయిని తీసి, "ఈయనకు గుండీలు పెట్టగలరా?" అన్నాడు. ఓబులేష్ పెట్టిచ్చాడు. సారు భూతద్దంలో చూసుకుని, ఆ వచ్చే ఆదివారం ఇంటికి రమ్మన్నాడు.

ఆ ఇంటి వెనకగదిలో రెండు మంచాలంత వెడల్పు బల్ల ఉంది. దాని మీద ఆకుపచ్చ గుడ్డ, అట్టముక్కల కొండలు, నీలిరంగు పూసిన కాలువ. రెండువందల ఏళ్ళ కిందట నెపోలియన్ చేసిన యుద్ధాలను అలా బల్ల మీద మళ్ళీ ఆడతారట, ఎక్కడెక్కడో దేశాల్లో పెద్దపెద్దవాళ్ళు. పాచికలు వేయడం, టేపుతో అంగుళాలు కొలిచి సిపాయిలను జరపడం, ఎవరి వరస విరిగితే వాళ్ళు ఓడినట్టు. ఇంగ్లీషు సైన్యం సారుది. ఫ్రెంచి సైన్యం ఓబులేష్‌ది. అయితే ముందు ఆ సైన్యం తయారు కావాలి కదా. కొరియర్లో వచ్చిన ప్లాస్టిక్ చట్రాల్లోంచి కాళ్ళూ చేతులూ తుపాకులూ గోరుకత్తెరతో విడదీయాలి, గమ్ముతో అతికించాలి, బూడిద ప్రైమరు కొట్టాలి, అప్పుడు రంగులు. కోటు మడతల్లో నీడ రావడానికి ఓబులేష్ మిల్లు సిరానే నీళ్ళలో పలచగా కలిపి పూశాడు. సిపాయి కాళ్ళ కింద నేలకు వరి ఊక చల్లి అతికించాడు. మొహాలకు తనకు తెలిసిన రంగే వేశాడు. సారు చూసి పడీపడీ నవ్వాడు. "మీ ఫ్రెంచోళ్ళు మన హచ్చొళ్ళిలో నాట్లు వేసొచ్చినట్టున్నారే!" అన్నాడు. ఓబులేష్ సిగ్గుపడి తెల్లరంగు కలపబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

తెలిసిన రంగే కాదు, తెలిసిన మొహాలే. ముందు వరసలో ఎర్ర కుచ్చుల సిపాయిలకు మిల్లు హమాలీల పోలికలు వచ్చాయి. కావాలని పెట్టినవి కావు, చేతికి అవే తెలుసు. మొదటి కంపెనీలో కుడి చివర నిలబడ్డవాడి గుబురు మీసాలు అచ్చం హమాలీల మేస్త్రీ యల్లేష్ మీసాలే.

ఒక్క విషయంలో ఓబులేష్ తండ్రి మాట జవదాటలేదు. కళ్ళు ఆఖర్న తెరవాలి. ఉడతతోక వెంట్రుకల బ్రష్షుతోనే తెరవాలి. బొమ్మ చేయించినవాడు ఎదురుగా కూర్చుని, మొదటి చూపు తన మీద పడేట్టు చూస్తుండగా తెరవాలి. ఊరమ్మకైతే ఊరంతా ఎదురు నిలబడేది. ఈ సిపాయిలకు సారు ఒక్కడే. ప్రతి ఆదివారం ఆ వారం సిపాయిలను తెచ్చి బల్ల మీద పెడితే, సారు చొక్కా గుండీలు సరిచేసుకుని, కుర్చీ లాక్కుని, వాళ్ళకెదురుగా బుద్ధిగా కూర్చునేవాడు. మూడువందల అరవై మంది ఫ్రెంచి సిపాయిలూ లోకంలో మొట్టమొదట చూసింది ఆ ముసలి మొహాన్నే.

ఓబులేష్ గుమ్మంలో కాలు పెట్టగానే సారు లేచి నిలబడి "బన్ని జనరల్, బన్ని!" అనేవాడు. కన్నడంలో 'రండి' అని. ఓబులేష్‌ను రారా అన్నవాళ్ళున్నారు, రాప్పా అన్నవాళ్ళున్నారు. 'రండి' అన్న మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే.

అంత గౌరవం దొరికిన చోటిని ఓబులేష్ నాలుగేళ్ళపాటు దొంగసొత్తులా దాచాడు. భార్య ఉచ్చంగమ్మకు ఆదివారాలు పేకాటకు పోతున్నానని చెప్పాడు. ఆమె తిట్టింది, తిట్టించుకున్నాడు. సిపాయిలకు రంగులు వేసేది ఆమె నిద్రపోయాకే. పేకాట ఆడే మగవాడికి ఊళ్ళో ఏదో ఒక మర్యాద ఉంది. బొమ్మలతో ఆడే మగవాడికి ఏముంది? తెలిస్తే మిల్లులో నవ్వు ఆగదు. అందుకే సారు ఇంటికి ఎప్పుడూ కాలువ సందులోంచి వెనక వాకిలికే వెళ్ళేవాడు.

పోయిన బుధవారం ఏం జరిగిందంటే, సారే మిల్లుకు వచ్చాడు.

డోలువాడు కొరియర్లో అప్పుడే వచ్చాడు. ఫ్రెంచి సైన్యంలో మిగిలిన ఆఖరి సిపాయి వాడే. ఆదివారం దాకా ఆగలేకపోయాడు ఆయన. ఎండలో స్కూటరేసుకుని వచ్చి, చంకలో చెప్పుల అట్టపెట్టె పెట్టుకుని, సంచుల గుట్టల మధ్య నిలబడి దిక్కులు చూస్తున్నాడు. పెట్టె మూత కింద నలుగురు రంగురంగుల సిపాయిలు కూడా ఉన్నారు, పోల్చి చూసుకోడానికి. హమాలీలు చుట్టూ మూగారు.

"ఏంది సారూ, బొమ్మలమ్మనీకి వొచ్చినారా? మావి ముసిలి పానాలు, మేమేం ఆడుకుంటాం!" అన్నాడు యల్లేష్. అందరూ నవ్వారు. సారూ నవ్వాడు. "ఓబులేష్ అని..." అంటూ చుట్టూ చూశాడు.

"ఓబులేషప్పా! నీకోసం ఎవరో బొమ్మల సారొచ్చినాడు సూడు!"

ఓబులేష్ తలెత్తాడు. చేతిలో బ్రష్షు, కాళ్ళ దగ్గర సగం అచ్చు పడిన సంచి. ఇరవై కళ్ళు అతని మీదే ఉన్నాయి. సారు మొహం వెలిగిపోయి, నోరు 'బన్ని' అనే మాటకు తెరుచుకోబోతోంది. ఆ మాట బయట పడకముందే ఓబులేష్ అనేశాడు.

"యా సారు? నాకు తెల్దప్పా. యాదో మిల్లనుకోని ఈడికొచ్చినట్టుండారు."

సారు నోరు మెల్లగా మూతపడింది. ఒక్క క్షణం చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఉన్నా బాగుండేది. "హౌదు, తప్పాయ్తు" అన్నాడు. అవును, పొరపాటైంది అని. పెట్టె మూత సరిగ్గా మూసి, చంకలో పెట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

సాయంత్రం గేటు దగ్గర ఓబులేష్ సైకిలు హ్యాండిల్‌కు ఒక చిన్న ప్లాస్టిక్ కవరు వేలాడుతోంది. లోపల కాగితం మడతలో చట్రంలోంచి ఇంకా విడదీయని డోలువాడు. కాగితం మీద ఒక్క అక్షరం రాసి లేదు.

ఆదివారం ఓబులేష్ పోలేదు. చొక్కా తొడుక్కున్నాడు, విప్పాడు. ఉచ్చంగమ్మ "ఏం, పేకాటోళ్ళు ఎల్లగొట్టినారా?" అని ఎకసెక్కమాడితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. వారమంతా డోలువాడికి ఒక్కో రంగూ వేశాడు. ఇంత శ్రద్ధగా ఏ సిపాయికీ వేయలేదు. వేస్తున్నంతసేపూ చెంపలు మండుతూనే ఉన్నాయి. దొంగతనం చేసినవాడికి కూడా ఇంత సిగ్గు ఉండదనుకున్నాడు, దొంగ ఇంకొకరి సొమ్ము తీస్తాడు గాని తనను రండి అన్న నోరు మూయించడు.

ఇయ్యాల పోతాను, ముందు వాకిట్లోంచే పోతాను అని ఈ పొద్దున గట్టిగా అనుకున్నాడు. చెప్పాల్సిన మాట కూడా కూర్చుకున్నాడు. 'సారూ, ఆపొద్దు నాకు బుద్ధి లేకపాయె.' అంతే. అంతకంటే పెద్ద మాట అతని దగ్గర లేదు.

పదకొండు గంటలకు టీ వచ్చింది. యల్లేష్ గ్లాసు పట్టుకుని పక్కనే సంచి మీద కూర్చున్నాడు.

"ఓబులేషప్పా, ఆ బొమ్మల సారు మల్లా రాలేదేంరా నీకోసం?"

అందరూ నవ్వారు. ఓబులేష్ నోటి దగ్గరి గ్లాసు దించాడు. ఇదే సందు, ఇప్పుడు చెప్పేస్తే తీరిపోతుంది అనుకున్నాడు. నోరు తెరిచాడు. తెరిచిన నోటితో తనూ నవ్వాడు. నవ్వి, టీ ఒలకబోసుకుని, లేచి రేకు దగ్గరికి పోయాడు. ఆ నవ్వు తన చెవులకే ఎంగిలి నవ్వులా వినిపించింది. ఆపైన రెండు సంచుల మీద అచ్చు తలకిందులుగా పడింది.

మధ్యాహ్నం కోటిలింగం ఆఫీసు గదిలోంచి కండువా సర్దుకుంటూ బయటికి వచ్చాడు. "యల్లేషూ, ఇద్దరు మనుషుల్ని తీసుకుని బండెక్కు. నాకు చదువు చెప్పిన ఆయన పోయారంట. ఒంటరి మనిషి, మోయడానికి కూడా ఎవరూ ఉండరు" అన్నాడు. బండి వెళ్ళిపోయింది. ఊళ్ళో రోజూ ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. ఓబులేష్ ఇంకో సంచి లాక్కున్నాడు.

అయిదింటికి పని దిగాడు. బోరు దగ్గర చేతులు కిరోసిన్‌తో రుద్ది, సబ్బుతో కడిగాడు. సైకిలెక్కి కాలువ సందు వరకూ వచ్చాక అలవాటుగా హ్యాండిల్ అటు తిరిగింది. ఆపి, వెనక్కి తిప్పి, ముందు వీధిలోకి పోయాడు. ఆ వీధిలో సారు ఇంటి ముందుభాగం ఎలా ఉంటుందో నాలుగేళ్ళలో సరిగ్గా చూడనేలేదు. నీలిరంగు తలుపులు, రెండు మెట్లు. మెట్ల మీద నీళ్ళు పారుతున్నాయి. బయట నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో ఎవరూ లేరు. వంటచేసే పక్కీరమ్మ పరకతో గుమ్మం కడుగుతోంది. లోపల గోడ వారగా నేలమీద ఒక దీపం వెలుగుతోంది.

ఓబులేష్ సైకిలు స్టాండు వేయడం మరిచిపోయాడు. అది పక్కకు పడింది.

"ఇప్పుడొస్తివా అప్పా" అంది పక్కీరమ్మ, పరక పక్కన పెట్టి. "పొద్దున కాఫీ తెచ్చి లేపితే లేయలేదు సారు. నిద్దర్లోనే పోయినాడు. మూడు గంటలకు ఎత్తుకపోయినారు. నీకు చెప్పి పంపిద్దామంటే నీ ఇల్లు యాడుండాదో, నువ్వు యాడ పన్జేస్తావో నాకేం తెల్సు? నువ్వెప్పుడన్నా చెప్తివా?"

అతను చెప్పలేదు. ఎవరికీ ఏదీ చెప్పలేదు.

లోపలికి వెళ్ళి దీపానికి దండం పెట్టాడు. వెనకగదిలోంచి మాటలు వినిపిస్తున్నాయి. మట్టి చేసి వచ్చి దీపం చూసి పోదామని వచ్చినవాళ్ళు అక్కడ ఉన్నారు. సారు అన్నకొడుకు సిద్దేశ్, బళ్ళారి నుంచి వచ్చినవాడు. అతని పక్కన కోటిలింగం. తలుపు వారగా, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ యల్లేష్.

బల్ల మీద యుద్ధం సిద్ధంగా ఉంది. ఆదివారం ఆడాల్సిన ఆట. ఇంగ్లీషు సైన్యం కొండ మీద, ఫ్రెంచి సైన్యం కాలువ ఇవతల, వరస తప్పకుండా. ఓబులేష్ కూర్చునే వైపు పాచికల గిన్నె, టేపు, ఒక శుభ్రమైన గ్లాసు. ఫ్రెంచి సైన్యం ముందు నట్టనడుమ ఒక్క మనిషికి సరిపడా జాగా ఖాళీగా ఉంది.

"మా చిన్నాయన ఈ వయసులో ఈ బొమ్మలేందో" అంటున్నాడు సిద్దేశ్, మొహమాటంగా. "అంగన్‌వాడీకి ఇచ్చేస్తే పిల్లోళ్ళన్నా ఆడుకుంటారు."

"అవునవును. పాపం ఒంటరితనం, ఏం చేస్తారు" అన్నాడు కోటిలింగం.

ఓబులేష్ గుమ్మంలో నిలబడిపోయాడు. ఇప్పుడు కూడా వెనక్కి తిరిగి పోవచ్చు. దీపం చూసి పోయిన పదిమందిలో ఒకడు. ఎవరూ అడగరు. సిపాయిలు అంగన్‌వాడీకి పోతారు, తుపాకులు విరుగుతాయి, కథ ముగిసిపోతుంది. కాళ్ళు ఆ మాటే అంటున్నాయి.

"అయి నావి" అన్నాడు. గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేశాడు. మళ్ళీ అన్నాడు. "నేనేసిన రంగులప్పా అయ్యి. నేనూ సారూ ఆడుకుంటాంటిమి. ఆదివారం ఆదివారం. నాలుగేండ్లు."

ముగ్గురూ తిరిగి చూశారు. ఎవరూ నవ్వలేదు. నాలుగేళ్ళు అతన్ని సందుల్లో నడిపించిన ఆ నవ్వు రానేలేదు. కోటిలింగం ఒంగి, ఒక సిపాయిని రెండు వేళ్ళతో ఎత్తి, కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుని గుండీలు చూశాడు.

"ఇంత చెయ్యి పెట్టుకుని నా దగ్గర గోనెలకు సిరా పూస్తున్నావా!" అన్నాడు. ఆగి, కాస్త ఇబ్బందిగా, "నీ పేరేంటయ్యా?" అన్నాడు.

"ఓబులేష్."

యల్లేష్ అప్పటికే బల్ల మీదికి ఒంగాడు. మొదటి కంపెనీ కుడి చివర వేలు పెట్టాడు, తాకకుండా. "ఓబులేషప్పా, ఈ మీసాలు నాయి గదా? నన్ను సిపాయిని జేస్తివా?" ఆ గొంతులో ఎకసెక్కం లేదు, మురిపెం ఉంది. ఆ మురిపెంలోనే ఏదో గుర్తొచ్చి తలెత్తాడు. "మల్ల... ఆపొద్దు సారు మిల్లుకొస్తే నువ్వు తెల్దంటివి గదప్పా?"

అది నిలదీయడం కాదు. అర్థం కాక అడిగిన మాట. గదిలో అందరూ ఓబులేష్ వైపే చూస్తున్నారు. గుమ్మంలోకి వచ్చిన పక్కీరమ్మ కూడా.

"అంటి" అన్నాడు ఓబులేష్.

చెప్పడానికి కూర్చుకున్న మాట వినాల్సిన మనిషి లేడు.

"అట్లనా!" అంది పక్కీరమ్మ నెమ్మదిగా, తనలో తను అనుకుంటున్నట్టు. "అందుకేనా సారు ఆదివారం నుంచి యనక వాకిలి గడియ ఎయ్యనీలేదు నన్ను. కుక్కలు జొరబడతాయి సారూ అంటే ఇనలేదు. 'ఉండనీ పక్కీరమ్మా, జనరల్‌కు యాల్నో నామోషీ అయ్యుండాది, ముందర నుంచి రాలేడు, ఎప్పుడొస్తాడో ఏమో' అనె. రాత్రి కూడా తీసే పెట్టి పండుకున్నాడు."

ఓబులేష్ వెనక వాకిలి వైపు చూశాడు. గడియ తీసే ఉంది. తలుపు జానెడు తెరుచుకుని, కాలువ సందులోంచి సాయంత్రపు వెలుతురు ఒక చార లోపల పడుతోంది. నాలుగు దినాలు అలాగే ఉంది అది. ఆదివారం రాకపోయినా సోమవారం రావచ్చు, మంగళవారం రావచ్చు. చేసిన తప్పు అతనిది, సిగ్గుకు దారి వెతికి పెట్టింది ఆయన. ఓబులేష్ మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. కడిగినా పోని సిరా వాసన కొట్టింది. అందరి ముందూ ఏడ్చాడు.

సిద్దేశ్ కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. కాసేపయ్యాక, "నీవే అయితే నువ్వే తీసుకపో అప్పా" అన్నాడు.

"ఇయ్యాల గాదు. కర్మలయ్యే దాకా సారు పెట్టినట్టే ఉండనియ్యండి" అన్నాడు ఓబులేష్.

అందరూ బయటికి వెళ్ళారు. అతను జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. పై జేబులోంచి గుడ్డలో చుట్టిన ఉడతవెంట్రుకల బ్రష్షు తీశాడు. డోలువాణ్ణి ఎడమచేతి వేళ్ళ మధ్య పట్టుకుని, బ్రష్షు కొనను మొహం దాకా తెచ్చాడు. ఎదురుగా సారు కుర్చీ ఉంది, బల్లకు దగ్గరగా జరిపి. చేయించినవాడు లేకుండా కళ్ళు తెరిస్తే ఆ చూపు ఎవరి మీద పడాలి? తండ్రి ఆ మాట చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఆయనకు రాలేదు. ఓబులేష్ ఒకసారి కుర్చీని చూసి, బ్రష్షును మళ్ళీ గుడ్డలో చుట్టేశాడు.

ముందు వాకిట్లోంచే బయటికి వచ్చాడు. పడిపోయిన సైకిలును యల్లేష్ ఎత్తి నిలబెట్టి ఉన్నాడు. లోపల పక్కీరమ్మ వెనకగదికి వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసి, ఏమనుకుందో, వేయకుండానే వచ్చేసింది.

బల్ల మీద ఫ్రెంచి సైన్యం ముందు, ఆ ఒక్క మనిషి జాగాలో, తెరిచిన వెనక వాకిలి వైపు మొహం పెట్టి డోలు సిపాయి నిలబడి ఉన్నాడు, పుల్లలు రెండూ పైకెత్తి, కళ్ళు లేకుండా.